తాగని మనిషికి వచ్చిన కామెర్లు

మా నాన్న జీవితంలో ఒక్క చుక్క మద్యం ముట్టలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళ ముఖంలో ఒక చిన్న నవ్వు కదులుతుంది. కూతురు కదా, అలాగే అంటుంది అనుకుంటారు. అందుకే చెప్పడం మానేసి రాస్తున్నాను. రాస్తే నమ్ముతారన్న ఆశేమీ లేదు.

డెబ్భైల్లో మేము ఢిల్లీలో ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. తెనాలి దగ్గర పల్లె నుంచి పోటీ పరీక్ష రాసి వచ్చిన మనిషి. రెండు గదుల ఇల్లు, బట్టలు ఆరేసుకునే వరండా, అమ్మ, నేను, నాకంటే బాగా చిన్నవాడైన తమ్ముడు. కింది ఇంట్లో భీమవరం వైపు కుటుంబం ఉండేది. ఆయన్ని మేము అంకుల్ అనేవాళ్ళం, అమ్మ అన్నయ్యగారు అనేది. నాన్న, ఆయన పొద్దున్నే కాలనీ ఉద్యోగులు నెలకింతని కట్టి మాట్లాడుకున్న ఒకే చార్టర్డ్ బస్సులో, పక్కపక్క సీట్లలో ఆఫీసుకి వెళ్ళేవారు. ఊరు కాని ఊళ్ళో తెలుగు మాట్లాడే మనిషి కింది ఇంట్లోనే దొరకడం అదృష్టం అని అమ్మ అనేది.

ఆ సంవత్సరం చలికాలంలో నాన్నకి ఛాతీ పట్టేసింది. దగ్గు, జ్వరం. అంతకుముందు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్‌కి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయని చెబితే, డిస్పెన్సరీ డాక్టరు దాని బదులు ఎరిత్రోమైసిన్ రాశాడు. మంచి యాంటీబయాటిక్, మధ్యలో ఆపకుండా కోర్సు పూర్తి చెయ్యాలి అన్నాడు. అమ్మ ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. మాత్ర తనే తీసి నాన్న అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. దగ్గు తగ్గింది. మందు పూర్తి కావస్తుండగా దురద మొదలైంది.

ఆ దురద నాకు బాగా గుర్తు. అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా. నాన్న వరండాలో ఇనుప గ్రిల్‌కి వీపు ఆనించి రుద్దుకునేవారు. తర్వాత మళ్ళీ జ్వరం, కుడి డొక్కలో నొప్పి. అన్నం వాసన వస్తే లేచి బయటికి వెళ్ళిపోయేవారు. ఒక ఆదివారం ఎండలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నప్పుడు అద్దంలో ఆయనే చూసుకున్నారు, కళ్ళు పచ్చబడ్డాయని.

డిస్పెన్సరీలో ఆ రోజు వేరే డాక్టరు ఉన్నాడు, వయసు మళ్ళిన పంజాబీ ఆయన. అమ్మతో పాటు నన్నూ తీసుకెళ్ళారు. ఆయన నాన్న కడుపు నొక్కి చూసి, కళ్ళు లాగి చూసి, "పీతే హో?" అని అడిగాడు. తాగుతావా అని.

"నహీ డాక్టర్ సాబ్. కభీ నహీ," అన్నారు నాన్న, ఎప్పుడూ లేదని.

డాక్టరు అమ్మ వైపు చూసి నవ్వాడు. "సబ్ యహీ కెహతే హై." అందరూ చెప్పేది ఇదే అని.

అంతే. ఆ ఒక్క మాట అనేసి ఆయన తర్వాతి రోగిని పిలిచాడు. పోయిన నెలలో ఏ మందులు వేసుకున్నావని అడగలేదు. అడిగుంటే నాన్న చెప్పేవారు. అమ్మ ఇంకా బాగా చెప్పేది.

ఇంటికి రాగానే పథ్యం మొదలైంది. నూనె లేదు, పోపు లేదు. చెరుకు రసం, ముల్లంగి ఆకుల రసం. నేల ఉసిరి కోసం అమ్మ తెలిసిన తెలుగువాళ్ళందరినీ అడిగింది. ఎదురింటి ఆంటీ నాన్నని మునిర్కాలో ఎవరో బాబా దగ్గరికి తీసుకెళ్ళి మెడలో కామెర్ల దండ వేయించింది. ఎండు పుల్లలు దారానికి గుచ్చిన దండ అది, రోజురోజుకీ పొడవు సాగుతుందట, సాగిన కొద్దీ కామెర్లు దిగిపోతాయట. డిగ్రీ చదివిన మా నాన్న ఆ దండ వేసుకుని మంచం మీద కూర్చున్నారు. ఏం చెయ్యమన్నా చేసేంత నీరసంగా ఉన్నారు.

అందరూ నీళ్ళ వల్ల అన్నారు మొదట. ఢిల్లీలో కామెర్లంటే మురికి నీళ్ళే. అమ్మ బిందెల కొద్దీ నీళ్ళు కాచింది. అప్పుడు పరామర్శకి వచ్చిన కింది ఇంటి అంకుల్ కాఫీ తాగుతూ అన్నాడు.

"నీళ్ళ వల్లయితే ఇంట్లో అందరికీ రావాలి కదా చెల్లెమ్మా? మీరంతా ఆ నీళ్ళేగా తాగుతోంది?"

అమ్మ కాచిన నీళ్ళ బిందె మీద మూత సర్దింది.

"ఆయన్ని నేను తప్పు పట్టట్లేదు. పార్లమెంటు సమావేశాలప్పుడు ఆలస్యమవుతుంది, ఆఫీసర్లు పార్టీలకి పిలుస్తారు. ఒక్కడే కూర్చుని నిమ్మరసం తాగుతానంటే పై వాళ్ళకి బాగోదు. నాకు తెలియనివా ఇవి?"

పక్క గదిలో మంచం మీద నాన్న మేలుకునే ఉన్నారు. ఆ ఇంట్లో గదికీ గదికీ మధ్య మాట ఆగేంత గోడ లేదు. అంకుల్ వెళ్ళాక అమ్మ లోపలికొచ్చి ముల్లంగి ఆకుల రసం గ్లాసు ఇచ్చింది. నాన్న తీసుకున్నారు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తేల్చుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. మా ఇంట్లో ఏదీ తేల్చుకునే అలవాటు లేదు.

నెలా రెండు నెలల్లో కామెర్లు వాటంతటవే తగ్గాయి. నాన్న మళ్ళీ చార్టర్డ్ బస్సు ఎక్కారు. కామెర్లు పోయాయి, పేరు మిగిలింది.

బస్సులో ఆయన పేరు మీద జోకులు మొదలయ్యాయి. మొదట్లో నాన్న కూడా నవ్వి ఊరుకున్నారట, కోప్పడితే నిజమనుకుంటారని. నవ్వితే కూడా నిజమే అనుకున్నారు. ఆఫీసులో రహస్య ఫైళ్ళ సెక్షన్ నుంచి తప్పించి పాత కాగితాలు భద్రపరిచే గదికి మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆరోగ్యం బాగాలేదు కదా విశ్రాంతిగా ఉంటుందని అన్నారు.

మన తెలుగువాళ్ళకి చిన్న సంఘం ఒకటి ఉండేది. ఉగాదికి ఎవరిదైనా ఇంటి వెనక లాన్‌లో షామియానా వేసి నాటిక ఆడేవారు. నాన్న ఏటా అందులో పెద్ద మనిషి వేషం వేసేవారు. తండ్రి, మాస్టారు, జడ్జి. గొంతు బాగుండేది, డైలాగు మర్చిపోవడం ఎరగరు. ఆ ఏడు రిహార్సల్‌కి వెళ్తే ఆయనకి తాగుబోతు వేషం ఇచ్చారు. "మీరయితే నటించక్కర్లేదు గురువుగారూ," అన్నాడట ఎవరో. అందరూ నవ్వారు. ఎవరూ చెడ్డగా నవ్వలేదు, సరదాగానే నవ్వారు. నాన్న కాగితాలు అక్కడ పెట్టేసి నడుచుకుంటూ ఇంటికొచ్చారు. మళ్ళీ సంఘానికి వెళ్ళలేదు. తర్వాత ఉగాదులన్నీ మేము ఇంట్లో పచ్చడి తిని ఊరుకున్నాం.

ఇవన్నీ బయటివాళ్ళు చేసినవి. నాన్నకి అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది.

అమ్మ ఆయన్ని ఎప్పుడూ నేరుగా అడగలేదు. సాయంత్రం నాన్న వచ్చి బూట్లు విప్పుకుంటుంటే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చేది. ఇచ్చి వెనక్కి వెళ్ళకుండా బాగా దగ్గరగా నిలబడి, "ఇవాళ ఆలస్యమైందేం?" అని ఏదో ఒకటి అడిగేది. నాన్న నోరు తెరిచి జవాబు చెప్పాలి. చెప్పేవారు. అమ్మ ఊపిరి పీల్చి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళేది. రోజూ ఇదే. బీరువాలో బట్టలు సర్దే వంకతో వెనకాల వెతికేది. ఆఫీసు సంచీ దులిపేది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఆవిడ అనుమానం తగ్గాలి, తగ్గలేదు. ఎంత జాగ్రత్తగా దాస్తున్నారో అనుకుంది.

తమ్ముడి సంగతి వేరు. వాడికి ఊహ తెలిసేసరికే ఇంట్లో గాలి ఇలా ఉంది. తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో ఇచ్చేవాడు. ఒకసారి కింద మెట్ల మీద వాడి స్నేహితుడు వాళ్ళ నాన్న తాగి వచ్చి గొడవ చేస్తాడని చెబుతుంటే, వాడిని ఓదార్చడానికి మావాడు, "మేరే పాపా భీ పీతే హై. కోయీ బాత్ నహీ," అన్నాడు. మా నాన్న కూడా తాగుతాడు, ఏం ఫరవాలేదు అని. నాన్న అప్పుడే కూరగాయల సంచీతో మెట్లెక్కుతున్నారు. నేను పైనుంచి చూస్తున్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, పిల్లలిద్దరినీ దాటుకుని పైకొచ్చేశారు. సంచీలోంచి టమాటాలు తీసి బుట్టలో ఒక్కొక్కటే పెట్టారు. వాడిని తిట్టనూ లేదు, పిలిచి చెప్పనూ లేదు.

అలా ఏళ్ళు గడిచాయి. నేను కాలేజీకొచ్చాను, బీఎస్సీలో చేరాను. ఎనభైలు సగానికి వచ్చాయి. అదే డిస్పెన్సరీకి కొత్త డాక్టర్లు వచ్చారు. ఒక శీతాకాలం నాన్నకి మళ్ళీ ఛాతీ పట్టింది. పెన్సిలిన్ పడదని నాన్న చెప్పారు. కొత్త డాక్టరు తల ఊపి ఎరిత్రోమైసిన్ రాశాడు. అమ్మ మళ్ళీ మాత్ర చేతిలో పెట్టింది.

మొదటిసారి దురద రావడానికి రెండు వారాలు పట్టింది. ఈసారి మర్నాటికే వచ్చింది. దాంతో పాటు వణుకు పుట్టించే జ్వరం, డొక్కలో నొప్పి, ఆవనూనె రంగులో మూత్రం. కళ్ళు చూసి అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని నేను ఆటో పిలుచుకొచ్చాను. నాన్న మా ఇద్దరి మధ్య దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఆటో రింగ్ రోడ్డు ఎక్కాక అమ్మ ముందుకు చూస్తూనే అంది.

"మళ్ళీ మొదలెట్టారా?"

నాన్న కళ్ళు తెరవలేదు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఇంకేమీ అనకుండా.

ఆసుపత్రిలో నాన్నని చూసింది ఒక నడివయసు డాక్టరమ్మ. బెంగాలీ ఆవిడ. ఇంగ్లీషులో మాట్లాడింది. ఆవిడ కూడా అడిగింది, తాగుతారా అని. నాన్న "నో" అన్నారు. ఆవిడ రాసుకుని తర్వాతి ప్రశ్న అడిగింది. తర్వాత చాలా కాలానికి నాన్న నాతో అన్నారు: "పదేళ్ళలో నా మాట నవ్వకుండా రాసుకున్న మనిషి ఆవిడొక్కతే."

తర్వాతి ప్రశ్న, ఇప్పుడు ఏ మందులు వేసుకుంటున్నారు అని. నాన్న చెప్పారు. ఇంతకుముందు కామెర్లు వచ్చాయా అంది. వచ్చాయన్నారు. దానికి ముందు ఏం మందు వాడారు అంది. నాన్న ఆలోచిస్తుంటే, నేను ఆ ప్రశ్నని అమ్మకి తెలుగులో చెప్పాను.

"ఇదేగా, ఇదే మందు. అప్పుడూ దగ్గుకి ఇదే ఇచ్చారు. నేనే వేశాను పూటపూటకీ," అంది అమ్మ వెంటనే.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. మాత్ర ఆ క్షణమే ఆపించేసింది. రక్తపరీక్షలు, స్కానింగు అయ్యాయి. పిత్తాశయంలో రాళ్ళు లేవు. రక్తంలో ఒక రకం తెల్లకణాలు, అలర్జీలో పెరిగేవి, బాగా పెరిగి ఉన్నాయి. అన్నీ చూశాక ఆవిడ మమ్మల్ని ముగ్గురినీ వార్డు పక్క చిన్న గదిలో కూర్చోబెట్టి చెప్పింది. బీఎస్సీ చదువుతున్నానని నా వైపు చూస్తూ చెప్పింది, నేను అమ్మకి చెప్పాను.

ఈ మందు విషం కాదమ్మా అని మొదలుపెట్టాను. విషమైతే అందరికీ విషమే కావాలి, లక్షల మంది వేసుకుని హాయిగా ఉన్నారు. మందు ఏదైనా కాలేయంలో విరుగుతుంది. ఆ విరిగిన ముక్కలు కొందరిలో కాలేయం కణాలకే అతుక్కుంటాయి. మన రక్తంలో కాపలా కాసే కణాలుంటాయి, బయటి నుంచి వచ్చిన క్రిముల్ని పట్టి చంపేవి. వాటికి ఈ ముక్క అతుక్కున్న కణం మన కణంలా కనపడదు. పరాయిది దూరిందనుకుని దాడి చేస్తాయి. కాలేయం దెబ్బ తిని పిత్తం దారి మూసుకుపోతుంది, కామెర్లు వస్తాయి, దురద వస్తుంది. మొదటిసారి అవి ఆ ముక్కని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది. ఒకసారి నేర్చుకున్నాక మర్చిపోవు. అందుకే ఈసారి ఒక్క రోజు చాలింది.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. కాలేయం లోపల జరిగేదంతా ఇంతవరకు ఎవరూ పూర్తిగా విడమర్చి చూపించలేదు, కానీ జ్వరం, ఆ కణాలు, రెండోసారి ఇంత వేగంగా రావడం, ఇవన్నీ కలిపి చూస్తే తనకి పెద్ద సందేహం లేదు అని.

అమ్మ అంతా విని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, మెల్లగా అడిగింది.

"అంటే ఈయన తాగలేదా?"

నేను అనువదించలేదు. డాక్టరమ్మ మా ముఖాలు చూసి, "ఏమడుగుతున్నారు ఆవిడ?" అంది ఇంగ్లీషులో.

నేను నోరు తెరిచేలోపు నాన్న చెప్పారు, ఆయన మంచి ఆఫీసు ఇంగ్లీషులో. "మళ్ళీ వస్తుందా అని అడుగుతోందండీ."

"ఆ మందు జన్మలో ముట్టకపోతే రాదు," అంది డాక్టరమ్మ అమ్మ భుజం తట్టి. అమ్మ తల దించుకుంది.

మందు ఆపేశాక నాన్న కోలుకున్నారు. కోలుకోకపోతే బాగుండునని ఆయన అనుకున్నారేమో నాకు తెలియదు. కోలుకుని ఇంటికొచ్చిన తర్వాతే ఆయన ముఖం మారింది. ఇన్నేళ్ళూ నిదానంగా ఉన్న మనిషి, ఇప్పుడు నిజం తేలాక, ఎవరితోనూ మాట్లాడటానికి ఇష్టపడలేదు.

అమ్మ మాత్రం ఊరంతా చెప్పాలని బయల్దేరింది. మొదట కింది ఇంటికి వెళ్ళింది, నన్ను సాక్ష్యానికి వెంటబెట్టుకుని. మందు, కాలేయం, కాపలా కణాలు అన్నీ తనకొచ్చినట్టు చెప్పింది. అంకుల్ శ్రద్ధగా విన్నాడు.

"అచ్ఛా! మందుల్లో ఇలాంటివి కూడా ఉంటాయన్నమాట. అయినా ఆయన తాగుతారని ఎవరన్నారు చెల్లెమ్మా?"

"మీరే కదా అన్నయ్యగారూ, ఆ రోజు కాఫీ తాగుతూ..."

"నేనా? నేనెందుకంటాను? ఆయన సంగతి నాకు తెలియదా?"

ఆయన అబద్ధమాడుతున్నట్టు నాకు కనిపించలేదు. నిజంగానే మర్చిపోయాడు. ఒక మనిషి పదేళ్ళ బతుకుని కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు కుళ్ళబొడిచి, అది గుర్తు కూడా లేకుండా హాయిగా ఉన్నాడు. నాకు ఆయన మీద ఇప్పటికీ ఉన్న కోపం అన్నందుక్కాదు, మర్చిపోయినందుకు.

తమ్ముడికి నేనే చెప్పాను. వాడు రేడియోలో క్రికెట్ వింటున్నాడు. "అచ్ఛా, తో పాపా నహీ పీతే థే?" అన్నాడు. అయితే తాగేవారు కాదన్నమాట. అని మళ్ళీ రేడియో చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాడు ఎప్పుడూ దాన్ని తప్పుగా అనుకోలేదు కాబట్టి, దిద్దుకోవాల్సిందీ వాడికి ఏమీ లేదు.

నాన్న మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టిన రోజు సాయంత్రం అమ్మ నీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి దూరంగా నిలబడింది. నాన్న బూట్లు విప్పుతూ తలెత్తి చూశారు.

"రోజూ దగ్గరకొచ్చి ఇస్తావుగా. ఇవాళ మానేశావేం?"

అమ్మ గ్లాసుని బల్ల మీద కొంచెం ఆయన వైపు జరిపింది.

"నువ్వు ఎందుకు దగ్గరకొచ్చేదానివో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. వాసన బాగా తెలియాలని గట్టిగా ఊపిరి వదిలి జవాబు చెప్పేవాణ్ణి."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది, నీళ్ళ చప్పుడులో వినపడదని. వినపడింది. నాన్న కదల్లేదు. నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక వరండాలోకి వెళ్ళి ఆరిన బట్టలు మడత పెట్టాను. ఆ తర్వాత వాళ్ళిద్దరూ గొడవపడగా చూడలేదు, కలిసి నవ్వగా కూడా చూడలేదు. మందుల చీటీ రాసే ప్రతి డాక్టరుకీ అమ్మ ముందే చెప్పేది, వచ్చీరాని హిందీలో, ఆ మందు రాయొద్దు, రాయొద్దు అని. నాన్న పక్కన నిలబడి ఎటో చూసేవారు.

ఎనభైల చివర్లో నాన్న రిటైరయ్యారు. ఆఫీసు హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. సమోసాలు, టీ, బంతిపూల దండ. అమ్మ పట్టుచీర కట్టుకుంది, నేను ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన పై ఆఫీసరు, ఆయన కంటే చాలా చిన్నవాడు, హిందీలో మంచి ఉపన్యాసం ఇచ్చాడు. నిజాయితీ, సమయపాలన అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆయన జీవితంలో ఒక చెడ్డ కాలం కూడా ఉండేదని మాకు తెలుసు, ఒక వ్యసనంతో పోరాడి ప్రాణాల మీదికి తెచ్చుకుని కూడా గెలిచి నిలబడ్డారు, కుర్రవాళ్ళంతా ఆయన మనోబలం చూసి నేర్చుకోవాలి అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక వరుసలో కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు.

అమ్మ లేవబోయింది. ఏం చెప్పాలనుకుందో, ఏ భాషలో చెప్పాలనుకుందో. వేదిక మీద నుంచి నాన్న ఆవిడ వైపు చూసి తల అడ్డంగా ఊపారు. అమ్మ కూర్చుంది. నాన్న మైకు దగ్గరికొచ్చి అందరికీ కృతజ్ఞతలు చెప్పారు, సెక్షన్‌లో తనతో పనిచేసినవాళ్ళని ఒక్కొక్కరినీ పేరు పేరునా తలుచుకున్నారు, దండం పెట్టి వచ్చి కూర్చున్నారు.

ఇంటికి వస్తుంటే, ఆఫీసువాళ్ళు దింపిరమ్మని పంపిన కార్లో, నేనే ఉండబట్టలేక అడిగాను, ఎందుకు చెప్పలేదు నాన్నా అని.

"ఏమని చెప్పను? ఎరిత్రోమైసిన్ అనా?" అన్నారు. "వాళ్ళు మెచ్చుకుంటున్నారమ్మా. మెచ్చుకునేవాళ్ళతో వాదిస్తే ఇంకా నమ్మరు."

అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇంటి దగ్గర దిగాక డ్రైవరు వెనక సీట్లో మర్చిపోయిన బంతిపూల దండ తెచ్చి ఇవ్వబోయాడు. "తుమ్ హీ రఖ్ లో భయ్యా," అని, నువ్వే ఉంచుకో అని, నాన్న మెట్లెక్కారు.